ఊకొట్టువారికి ఉచిత సలహా

కొరియన్ నేర్చుకుంటున్న మనవాళ్లలో ఒక ప్రమాదకరమైన ధోరణి గమనించాను. ఎదుటివాళ్లు చెప్పింది పూర్తిగా విని, ఆలోచించి, నిజమనిపిస్తేనే ఔనంటున్నారు. సియోల్‌లో ఇంతసేపు ఆలోచిస్తే స్నేహాలు నిలవవు.

"ఇవాళ చలి బాగా ఉంది కదా" అని స్నేహితురాలు అంటే, పుస్తకం కంఠతా పట్టినవాడు "తొంగిహమ్నిదా", అంటే "సమ్మతిస్తున్నాను" అంటాడు. వ్యాకరణంలో తప్పేమీ లేదు. కాకపోతే అది వెబ్‌సైట్లో నియమ నిబంధనల పక్కన టిక్కు పెట్టేచోట కనిపించే మాట. చలికి ఆమోదముద్ర దేనికి? "కుచో" ("అవును కదా") అంటే సరిపోయేది. "మజాయో, మజాయో" ("నిజమే, నిజమే") అని జంటగా అంటే ఇంకా శ్రేష్ఠం.

నా దృష్టిలో ఈ విద్యకు శిఖరం మాత్రం "నే మారి". ఎదుటివాడు పావుగంట కష్టపడి మేనేజర్ని తిట్టి అలసిపోయాక, "నేననేదీ అదే" అని ఆ శ్రమఫలాన్ని మన ఖాతాలో వేసుకోవడం. అప్పటిదాకా మనం ఒక్క ముక్కైనా మాట్లాడి ఉండక్కర్లేదు. ఇది స్నేహితుల దగ్గరే చెల్లుతుంది. పెద్దల ముందైతే "కురొనిక్కాయో", అంటే "అదే కదండీ". కుర్రకారు "ఇన్జొంగ్" ("ఒప్పుకున్నాం") అని న్యాయమూర్తుల్లా ఒప్పేసుకుంటారు, కానీ బాసు ముందు అంటే తీర్పు మన మీదే వస్తుంది.

ఇదంతా ఈనాటి ఫ్యాషన్ అనుకోకండి. 2003లో యునెస్కో గుర్తింపు పొందిన పాన్సోరి అనే కొరియా సంప్రదాయ కథాగానంలో, పాట సాగుతుండగానే డోలు వాయించేవాడూ ప్రేక్షకులూ "చోతా!" ("బాగుంది!"), "ఒల్సిగు!" ("భళా!") అని అరుస్తారు. మన బుర్రకథలో వంతల తందాన తాన లాగే. మొదటి స్థానం డోలుది, గాయకుడిది రెండోది అని అక్కడో నానుడి కూడా ఉంది. చెప్పేవాడికంటే ఔననేవాడే గొప్పని పెద్దలు ఏనాడో తేల్చేశారన్నమాట.

ఆ కళను ఇప్పుడు ఆఫీసు కాకావోటాక్ (కొరియన్ల వాట్సాప్ లాంటిది) గ్రూపులు పోషిస్తున్నాయి. రాత్రిపూట బాసు మెసేజ్ పెడతాడు. "నే", అంటే "అవునండీ" అని బదులిస్తే ముక్తసరి. రెండుసార్లు "నే నే" అంటే విసుగు. "నేంగ్" అంటే గారాలు. అందుకే చివర్లో పెదాలు టప్పున మూసి, "నెప్!" ఇది ఎంత ముదిరిందంటే, కొరియా ఉద్యోగులే దీనికి "నెప్ జబ్బు" అని పేరు పెట్టుకున్నారు. 2019 జూలైలో ఆఫీసు వేధింపుల మీద చట్టం వచ్చింది గానీ, దీనికి మందు మాత్రం రాలేదు.

తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన సదుపాయం ఒకటుంది. "తినలేదా?" అంటే "ఆఁ, తినలేదు" అంటాం. కొరియన్లోనూ అంతే, "నే"తోనే మొదలుపెట్టాలి. ఇంగ్లీష్ మీడియం పిల్లలు "నో" అంటూ ఈ వారసత్వాన్ని మంటగలుపుతున్నారు.

కనుక కొరియన్ పరీక్షల్లో వినడం, చదవడం, రాయడంతోపాటు తలూపడానికీ ఒక పేపర్ పెట్టాలని డిమాండ్ చేస్తున్నాను. అభ్యంతరం ఉన్నవారు నిరభ్యంతరంగా చెప్పవచ్చు. కాకపోతే కొరియన్ల పద్ధతిలో "మజాయో, కుందే", అంటే "నిజమే, కానీ" అని మొదలుపెట్టాలి. "కానీ" తర్వాతది నేను వినను.