మోదుగ చెట్టుకు దొరగారి పేరు

ఫాల్గుణంలో తెలంగాణ అడవుల్లో ఎర్రగా మండే మోదుగకు శాస్త్రవేత్తల లెక్కలో పేరు బ్యూటియా. 1762లో బ్రిటన్ ప్రధానమంత్రి అయిన లార్డ్ బ్యూట్ పేరు మీద పెట్టారు. ఆయనకు మొక్కల పిచ్చి నిజమే గానీ, మోదుగ విస్తట్లో ఒక్కపూటైనా భోంచేసిన మనిషి కాదు.

2024 జూలైలో మాడ్రిడ్‌లో కూడిన వృక్షశాస్త్రవేత్తలు, ఆఫ్రికా నల్లజాతివారిని కించపరిచే ‘కాఫ్రా’ అన్న మాట ఉన్న 200కు పైగా మొక్కల పేర్లు మార్చాలని ఓటేశారు. మంచిదే. మరి మన మోదుగ సంగతేంటని అడిగిన మిత్రులున్నారు. లార్డ్ బ్యూట్‌ను అలాగే ఉండనివ్వండి. నా తగువు ఆ పుస్తకాల్లో అసలు పేరే ఎక్కనివాళ్ళ గురించి.

సామర్లకోట జంక్షన్‌లో కాకినాడ బండి కోసం పడిగాపులు పడ్డవాళ్ళకు భీమేశ్వరాలయం తెలుసు, చక్కెర ఫ్యాక్టరీ తెలుసు. 1780ల్లో ఇక్కడే ఈస్టిండియా కంపెనీ డాక్టర్ విలియం రాక్స్‌బరో తోట పెంచాడు. పూలతోట అనుకునేరు! కొండల్లో దొరికిన అడవి మిరియాల తీగను మచ్చిక చేయొచ్చా, నీలిమందు ఇంకే చెట్టు నుంచైనా తీయొచ్చా, ఇలా కంపెనీకి డబ్బు తెచ్చే ప్రశ్నలన్నీ అక్కడ పాతిపెట్టి నీళ్ళు పోశారు. ఆయన లండన్‌కు పంపిన 500 బొమ్మల్లోంచి అక్కడి వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఏరిన 300 బొమ్మలు 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకమంటే అదే. బొమ్మలు గీసినవాళ్ళు ఇక్కడి చిత్రకారులు. వాళ్ళ పేర్లు మాత్రం అందులో లేవు.

ఆ పుస్తకంలో మొక్క తర్వాత మొక్కకు ‘తెలింగాలు’ పిలిచే పేరు కనిపిస్తుంది. తీగమోదుగ, సోమిద, చిరివేరు. చిరివేరు సంగతే చూడండి. సముద్రం ఒడ్డు ఇసుకలో పెరిగే చిన్న మొక్క. బందరు అద్దకాల ఎరుపంతా దాని సన్నటి వేరు పైతొక్కలోనే ఉంది. ఆ వేరును నీళ్ళలో వేసినంత మాత్రాన ఎరుపు గుడ్డకు పట్టుకోదు. ముందు కరక్కాయ, పాలు, ఆపైన పటిక, తర్వాత వేరుతో ఉడకబెట్టడం. ఏ నీళ్ళలో రంగు తేరుతుంది, ఎంతసేపు మంట పెట్టాలి, ఎన్ని ఎండలు కాయించాలి, ఇదంతా తరాల తరబడి గుడ్డలు పాడుచేసుకుంటూ తేల్చుకున్న లెక్క. రాక్స్‌బరో పక్కన కూర్చుని రాసుకున్నాడు. రాసుకున్నవాడు శాస్త్రవేత్త అయ్యాడు, చెప్పినవాడు ‘నేటివ్’ అయ్యాడు. జ్వరానికి క్వినైన్ ఇచ్చే సింకోనా చెక్క బదులు పనికొస్తుందని ఆయన ప్రచారం చేసిన సోమిద చెక్కదీ ఇదే కథ. కాకపోతే దాని శాస్త్రీయ నామంలో సోయ్‌మిడా అని మన తెలుగు మాట మిగిలింది. మోదుగకు ఆ భాగ్యం లేదు.

రాక్స్‌బరో రాయకపోతే ఈ మాత్రమూ మిగిలేది కాదంటారు. ఒప్పుకుంటాను. 1791-92 కరువు చూసి చలించి, కొబ్బరి, పనస, ఈత లాంటి కడుపు నింపే చెట్లు ఊరూరా నాటించమని పైవాళ్ళకు మొరపెట్టుకున్న మనిషి ఆయన. దుర్మార్గుడేం కాదు. అంతమాత్రాన కంపెనీ తోట ధర్మసత్రమైపోదు.

దొర రాయలేదు సరే, మనం రాశామా? అసలు నన్ను కుదిపేది ఇదే. శ్లోకంలో ఉంటే శాస్త్రమన్నాం, చేతిలో ఉంటే కులవృత్తి అన్నాం. అద్దకం పనివాడి తెలివి, కొండమనిషికి చెట్ల మీదున్న పట్టు, వేరు తవ్వే ఆడమనిషి అంచనా మన చదువుకున్న ఇళ్ళ గడప దాటి లోపలికి రాలేదు. కంపెనీ ఈ అలవాటును కొత్తగా నేర్పలేదు, ఇక్కడ తయారుగా ఉన్నదాన్ని వాడుకుంది. ఇప్పటికీ బోటనీ రికార్డులో మందారం బొమ్మకు లాటిన్ పేరు తప్పు రాస్తే మార్కులు పోతాయి. కాలేజీ గోడ పక్కన మొలిచిన చెట్టు పేరు తోటమాలిని అడిగి రాస్తే ఒక్క మార్కూ రాదు.

1868లో ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు, చిరివేరులో ఉండే ఎర్ర రంగు పదార్థం అలిజరిన్‌నే ప్రయోగశాలలో తయారుచేశారు. వేరు తవ్వేవాళ్ళ బతుకు అక్కడితో తిరగబడింది. ఇవాళ బందరు పక్కనున్న పెడనలో కాగే రాగి డేగిసాల్లో ఉడికేది ఆ అలిజరినే. కరక్కాయ, పటిక, ఎండ లెక్క మాత్రం పాతదే, అది చేసే చేతులూ ఆ ఊరివే. మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదేనన్న చట్టపు ముద్ర, వచ్చింది. షోరూముల్లో చీరకు వేలాడే చీటీ మీద ఊరి పేరుంది, షాపు పేరుంది, ధర ఉంది. డేగిసా దగ్గర నిలబడ్డవాడి పేరు కోసం దాన్ని రెండోవైపు తిప్పి చూశాను. బార్‌కోడ్ ఉంది.