చుక్క కదలట్లేదేంటండీ, సాటిలైట్ మెసెంజర్ గారూ!

మహారాజశ్రీ సాటిలైట్ మెసెంజర్ గారి సముఖానికి,

ఉత్తర అలాస్కాలో, టూలిక్ ఫీల్డ్ స్టేషన్ అనే పరిశోధన కేంద్రం చుట్టుపక్కల టండ్రా మట్టి తవ్వుకునే పీహెచ్‌డీ విద్యార్థుల విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ ఫోన్ సిగ్నల్ లేని చోట మా కబుర్లు మోసే బుల్లి పరికరం మీరు, ఒక్కో మెసేజ్‌కి మీకిచ్చిన 160 అక్షరాల్లో మా కుశలానికే చోటు చాలదు, అవతలి కుశలం అడిగేదెక్కడ?

ముందు మీ ఘనత ఒప్పుకోవాలి. వంద గ్రాముల బరువుతో బ్యాగు పట్టీకి వేలాడుతూ 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఇరిడియం ఉపగ్రహాలతో మాట్లాడతారు. అవి 66. ధ్రువాల మీదుగా తిరుగుతాయి కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ నెత్తిమీద వాటి రద్దీ ఎక్కువ. పైగా ఇక్కడ చెట్లు లేవు, తడి ఆకులు అడ్డొచ్చాయనడానికి వీల్లేదు. అయినా మెసేజ్ అరగంట మీ కడుపులోనే ఉండిపోతుందంటే తప్పు మాదే. మిమ్మల్ని బ్యాగు అడుగున నీళ్ల సీసా పక్కన తోసేస్తాం, లేదా నడుముకు తగిలించుకుంటాం. నీళ్లూ, మనిషి ఒళ్లూ సిగ్నల్‌ను మింగేస్తాయి. మీ పీఠం భుజం పట్టీ పైభాగం, యాంటెన్నా ఆకాశం వైపు. హెలికాప్టర్ ఎక్కాక ఎంత నొక్కినా లాభం తక్కువ, పైన రేకు ఉంది. దిగాక పాతవీ కొత్తవీ కలగలిసి వెళ్తాయి. "చేరాం" అన్నది ముందు, "బయలుదేరాం" అన్నది తర్వాత. ఇంటిల్లిపాదీ దాని మీద ఒక పూట చర్చ.

ఇక అసలు ఫిర్యాదు మీ మ్యాపు గురించి. పది నిమిషాలకో చుక్క పెట్టి, చుక్కకీ చుక్కకీ మధ్య అడ్డంగా గీత గీసేస్తారు. మేం చెరువు గట్టు చుట్టూ నడిచి వస్తాం, మీ గీత మాత్రం నడిచెరువులోంచి పోతుంది. మేం పంపిన మ్యాపు లింకు తెరిచిన గుంటూరు అమ్మగారికి కొడుకు ఆర్కిటిక్ నీళ్లలో ఈదుతున్నట్టే కనిపిస్తాడు. మధ్యాహ్నం రెండింటికి పరిశోధనకు గుర్తుపెట్టుకున్న ఒక నేల ముక్క దగ్గర కూర్చుని, గడ్డకట్టిన నేల తగిలేదాకా స్టీలు కడ్డీ దించుతూ, దిగిన లోతు సెంటీమీటర్లలో రాసుకుంటూ ఉంటాం. ఆ పని గంటలకొద్దీ సాగుతుంది. చుక్క అక్కడక్కడే నాలుగు మీటర్లు అటూ ఇటూ వణుకుతుంది, అది జీపీఎస్ సహజ గుణం. అప్పుడు ఇండియాలో తెల్లవారుజాము మూడున్నర. మెలకువొచ్చి ఫోను చూసిన నాన్నగారు ఫ్యామిలీ గ్రూపులో "చుక్క కదలట్లేదేంటి?" అని పెడతారు. "అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయట కదా" అని బాబాయి ధైర్యం చెబుతాడు. బ్యాటరీ మిగలాలని ట్రాకింగ్ ఆపేస్తే ఇంకా అన్యాయం, ఆఖరి చుక్క ఏ వాగు ఒడ్డునో శిలాశాసనంలా నిలిచిపోతుంది. అందుకే కొత్తగా వచ్చే పిల్లలకు మేం చెప్పే మొదటి మాట: మ్యాపు లింకు స్టేషన్‌లో ఉన్నవాళ్లకివ్వండి, ఇంటికి ఇవ్వకండి. ఇది కఠినంగానే వినిపిస్తుంది. ఇచ్చి చూసినవాళ్లు మాత్రం కాదనరు.

ఇంటికి పంపాల్సింది రోజుకు ఒకే మెసేజ్. వేసవిలో ఇక్కడికీ ఇండియాకీ తేడా పదమూడున్నర గంటలు. సాయంత్రం ఏడింటికి నొక్కితే అక్కడ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర, సరిగ్గా టిఫిన్ వేళ. కానీ ఎనిమిదిన్నరకు వస్తుందని మాటివ్వకూడదు, పదిన్నరలోపు వస్తుందనాలి. ఆ రెండు గంటలూ పొగమంచుకీ హెలికాప్టర్ ఆలస్యానికీ కేటాయింపు. రాకపోతే కారణం బ్యాటరీ, బ్యాగు అడుగు, మతిమరుపు, ఈ వరుసలో అనుకోమని బయల్దేరే ముందే నచ్చజెప్పాలి. ఇండియా ఫోన్ నంబరుకి పంపింది ఒక్కోసారి గాల్లోనే కలిసిపోతుంది, ఈమెయిల్ కూడా జత చేసుకోవడం మంచిది.

రెడీమేడ్ మెసేజ్‌లు నెట్ ఉన్నప్పుడే రాసి, ఎవరికి వెళ్లాలో వెబ్‌సైట్లో నింపి, మీలోకి ఎక్కించుకోవాలి. కొండమీద కూర్చుని మార్చడం కుదరదు. "అంతా క్షేమం" అందరికీ. "ఆలస్యమవుతోంది, ప్రమాదం లేదు" స్టేషన్‌కీ పీహెచ్‌డీ గైడుకీ. "హెలికాప్టర్ పంపండి, ప్రమాదం లేదు" అన్న మూడోదాంట్లో అమ్మ పేరు పొరపాటున కూడా ఉండకూడదు. ఆవిడ "హెలికాప్టర్" దగ్గరే ఆగిపోతారు. సొంతంగా రాయాలంటే ఫోన్ బ్లూటూత్‌తో కలపాలి. ఫోన్ చచ్చిందా, మీ బుల్లి బొత్తాలతో ఒక్కో ఇంగ్లిష్ అక్షరం వెతుక్కోవాలి. చేతి తొడుగులు తీస్తే దోమలు, తీయకపోతే తప్పు అక్షరాలు.

ఆపదలో నొక్కే ఎస్‌ఓఎస్ బొత్తాం విషయంలో మాత్రం వెటకారం లేదు. మూత తీసి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే కబురు అమెరికాలోని అత్యవసర సహాయ కేంద్రానికి వెళ్తుంది. వాళ్లు మీ ఖాతాలో రాసి ఉన్న ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేస్తారు: ఎంతమంది ఉన్నారు, ఏ మందులు వాడతారు, టెంటు ఏ రంగు? ప్రేమకొద్దీ అక్కడ నాన్నగారి నంబరు పెడితే, ఇక్కడి స్థానిక ప్రభుత్వమైన నార్త్ స్లోప్ బరో రెస్క్యూ వాళ్లు సుమారు 400 కిలోమీటర్ల అవతల ఉట్కియాగ్విక్ ఊళ్లో సిద్ధమవుతుంటే, ఆయన నిద్రకళ్లతో "హలో, ఎవరండీ?" అంటూ ఉంటారు. అక్కడ ఉండాల్సింది ఆ రోజు ప్లాను కాగితం చేతిలో ఉన్న స్టేషన్ మనిషి పేరు. కాగితంలో అక్షాంశ రేఖాంశాలు, మనుషుల లెక్క, తిరిగొచ్చే టైము, అది దాటాక ఎన్ని గంటలకు వెతకడానికి కదలాలన్నదీ ఉండాలి.

డిసెంబరు సెలవులకు హైదరాబాద్ వచ్చేటప్పుడు మాత్రం మీరు మాతో రావద్దు. అనుమతి లేకుండా సాటిలైట్ ఫోన్లూ మీలాంటి పరికరాలూ తెచ్చుకోవడం ఇండియాలో నేరం, ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడ్డవాళ్లు ఉన్నారు. కాబట్టి ల్యాబు అల్మారాలోనే, సగం ఛార్జింగుతో విశ్రాంతి తీసుకోండి. నెలవారీ ప్లాను సస్పెండ్ చేసే వెళ్తాం. లేకపోతే జనవరిలో బిల్లు చూసిన గైడు గారు పంపే మెసేజ్ 160 అక్షరాల్లో ఆగదు.

ఇట్లు,
తమ సిగ్నల్ కోసం కాచుకున్న,
పేరు రాస్తే ఫండింగ్ పోతుందనే విద్యార్థులు