టెంటు సంచీ మీది లేబుల్ గారికి

మహారాజశ్రీ లేబుల్ గారి సముఖమునకు, బైకు వెనక సీటు మీద ఇల్లు కట్టుకుని ఊళ్ళు పట్టి తిరిగేవాళ్ళం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేము తడిసి క్షేమం. అక్కడ తమరు ప్లాస్టిక్ కవరులో పొడిగా క్షేమమని తలుస్తాము.

తమరు అబద్ధాలకోరని నిందించడానికి కాదు ఈ ఉత్తరం. అలా నిందించేవాళ్ళకు తమరి పనితనం తెలియదు. పెళ్ళిళ్ళ పేరయ్య "అబ్బాయికి రాత్రి ఒంటిగంటకు గానీ పని తెమలదండీ" అంటే అది పెద్ద ఉద్యోగమనుకోవడం పిల్ల తండ్రి తప్పు. పేకాటని అడిగితే చెప్పేవాడే. తమరూ అంతే. వేసే ప్రతి అంకె నిజం. అది దేని అంకో మాత్రం అడిగితేనే చెబుతారు, చెప్పడానికేమో తమరికి నోరు లేదు.

తమరి మొదటి మాట "2 పర్సన్". ఆ ఇద్దరినీ ఒకసారి చూడాలని మాకు మహా కోరిక. వాళ్ళకు బూట్లు లేవు, హెల్మెట్లు లేవు, రైడింగ్ జాకెట్లు లేవు, నిద్రలో పక్కకు తిరిగే అలవాటూ లేదు. పడుకునే మ్యాటు వెడల్పు 50 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. 130 సెంటీమీటర్ల వెడల్పున్న నేల మీద 60 చొప్పున రెండు పరిస్తే మిగిలేది పది. ఆ పదిలో ఇద్దరి సంసారం. రైల్లో ఆర్ఏసీ వచ్చి సైడు లోయరు మీద ఎదురెదురుగా మోకాళ్ళు పంచుకున్నవాళ్ళకు ఈ సుఖం తెలుసు. కాకపోతే అక్కడ ఎవరైనా టికెట్టు రద్దు చేసుకుంటారన్న ఆశ ఉంటుంది.

పొడవు సంగతి ఇంకా గడుసుది. 200 సెంటీమీటర్లని రాస్తారు. అది నేల మీది కొలత. గోడలు ఏటవాలుగా లోపలికి వాలతాయి కాబట్టి పడుకున్న మనిషి పాదాల ఎత్తుకు వచ్చేసరికి అందులో ఓ జానెడు పోతుంది. 175 సెంటీమీటర్ల మనిషి స్లీపింగ్ బ్యాగులో దూరి, తల కింద బట్టల మూట పెట్టుకుంటే కాళ్ళు గోడకు ఆనతాయి. గోడకు పట్టిన తేమంతా తెల్లారేసరికి బ్యాగు అడుగున ఉంటుంది. అందుకే మాలో ఒక లెక్క ఉంది: తమరు రాసిన మనుషుల్లోంచి ఒకణ్ణి తీసెయ్యడం. ఒంటరివాడికి ఇద్దరిది, జంటకు ముగ్గురిది, పొడవు 215కు తగ్గకుండా. సంచీ కొంచెం బరువెక్కుతుంది, మొయ్యక తప్పదు.

ఇక తమరి కిరీటంలో రత్నం, "వాటర్‌ప్రూఫ్ 1500". బండి 150 సీసీ అన్నట్టు ధీమాగా ఉంటుంది చూడటానికి. ఆ 1500 అంటే మిల్లీమీటర్లు. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీళ్ళు పోస్తే, మీటరున్నర ఎత్తు దాకా ఆ బరువును గుడ్డ ఆపుతుందని అర్థం. పై కప్పుకు అది చాలు, మామూలు వానకు దిగులు లేదు. కానీ అదే గుడ్డను అడుగున కుట్టి అదే అంకె వేసినప్పుడు మాత్రం మోకాలును లెక్కలోకి తీసుకోవాలి. 70 కిలోల మనిషి మోకాళ్ళ మీద కూర్చుని జిప్పు వెతుక్కుంటుంటే ఒక్కో మోకాలి కింద, సుమారు 70 చదరపు సెంటీమీటర్ల మీద, 35 కిలోలు పడతాయి. అంటే చదరపు సెంటీమీటరుకు అరకిలో. నీళ్ళ ఎత్తులో చెబితే 5,000 మిల్లీమీటర్లు. తడినేల మీద మోకాలు పెట్టిన చోటల్లా చెమ్మ రావడం గుడ్డ లోపం కాదు, కూడికలూ తీసివేతలూ.

దీనికి మందు మన వీధిలోనే దొరుకుతుంది: పాత ఫ్లెక్సీ. ఏ నాయకుడి జన్మదిన శుభాకాంక్షలదైనా ఫరవాలేదు, బొమ్మ కిందికి పెట్టుకుంటే నిద్ర బాగా పడుతుంది. ధాన్యం మీద కప్పే బరకమైనా సరే. మెలకువంతా కత్తిరించడంలో ఉంది. టెంటు అడుగు కంటే నాలుగు వైపులా ఐదేసి సెంటీమీటర్లు లోపలికే ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిందా, కప్పు మీంచి జారిన నీళ్ళన్నీ ఆ అంచు మీద పడి, ఫ్లెక్సీకీ టెంటుకూ మధ్యలోకి చేరి, చెరువులో పరుపేసుకున్నట్టవుతుంది.

1500 అని రాసిన తమరు కుట్ల మాట ఎత్తరు. సూది దిగిన ప్రతి చోటా ఒక బెజ్జం. దాని మీద లోపలి వైపు టేపు అతికించి ఉంటే సరి, లేకపోతే వాన దారాన్ని పట్టుకుని దిగుతుంది. కొన్న రోజే టెంటును ఇంటి డాబా మీద వేసి, బకెట్లతో కాదు, పైపుతో పావుగంట తడపాలి. కారిన కుట్టుకు సీమ్ సీలర్, అంటే కుట్టు బెజ్జాలు మూసే జిగురు, రాయాలి. గుడ్డ మీది పూత పాలీయురేతేన్ అయితే ఆ రకం సీలరు, సిలికాన్ అయితే సిలికాన్ సీలరు. ఒకదాని మీద ఇంకొకటి రాస్తే ఎండిన జిగురులా పెచ్చులూడిపోతుంది. రాత్రంతా ఆరనిచ్చి, మడిచే ముందు ఆ గీతల మీద కాస్త టాల్కం పౌడరు చల్లితే ఒకదానికొకటి అంటుకోదు.

ఇదంతా చేసినా తెల్లారేసరికి లోపల తడి. అప్పుడు తమరిని తిడతారు జనం. పాపం, ఆ ఒక్కదాంట్లో తమరి తప్పు లేదు. ఆ నీళ్ళు మావే. నిద్రపోయే మనిషి ఊపిరితోనూ చెమటతోనూ రాత్రికి గ్లాసెడు నీళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, గాల్లోకి వదులుతాడు. ఒంటిపొర టెంటు బయటి నీళ్ళను లోపలికి రానివ్వదు, లోపలివాటిని బయటికీ పోనివ్వదు. లంబసింగిలో డిసెంబరు వేకువన కప్పు చల్లబడ్డాక ఆ ఆవిరంతా దాని లోపలి ముఖాన బొట్లు కట్టి, ఎవరో జిప్పు లాగగానే ముఖం మీద కురుస్తుంది. జిప్పులన్నీ బిగించి పడుకున్నవాడికి డబుల్ వాన. కాబట్టి దోమతెరలాంటి లోపలి గది, దానికి జానెడు దూరంలో పైకప్పు ఉన్న రెండు పొరల టెంటే మేలు. పైనున్న గాలి కిటికీ ఎంత చలైనా మూయకూడదు. పైకప్పు లోపలి పొరను ఎక్కడా తాకకూడదు, తాకిందా ఆ మచ్చ దగ్గర కారుతుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది కనుక వాన మొదలైన పది నిమిషాలకు ఒకసారి బయటికెళ్ళి తాళ్ళు మళ్ళీ బిగించాలి. పల్లంలోనూ ఏటి ఒడ్డునా చల్లగాలి దిగి నిలుస్తుంది, మంచూ అక్కడే ఎక్కువ. పది మీటర్లు గట్టెక్కి, ఎండుకొమ్మలు లేని చెట్టు కింద వేసుకుంటే తేడా వేళ్ళకే తెలుస్తుంది. ఎండిన వాగులో ఇసుక మెత్తగా ఉందని పరిచేవాడికి ఏ లేబులూ సాయపడదు. ఎగువన ఎక్కడో కురిసిన వాన ఇక్కడి ఆకాశాన్ని చూసి రాదు.

చలికి తాళలేక లోపల స్టవ్వు వెలిగించే మహానుభావులున్నారు, బొగ్గుల కుంపటి పెట్టేవారూ ఉన్నారు. అవి వదిలే కార్బన్ మోనాక్సైడు విషవాయువు, దానికి వాసన ఉండదు. ఆ సంగతి తమరు బొమ్మ వేసి చెబుతారు, ఒప్పుకుంటాం, గోరంత బొమ్మ.

"కాంపాక్ట్" అనే మాట దగ్గర మాత్రం మా ఓర్పు పోతుంది. దేంతో పోలిస్తే? కారు డిక్కీతోనా? బైకు సైడు బాక్సు లోపలి పొడవు టేపు పెట్టి కొలిచి, టెంటు కడ్డీ ఒక్కో ముక్క పొడవును దాంతో పోల్చి చూస్తే అసలు రంగు బయటపడుతుంది. 60 సెంటీమీటర్ల ముక్కలు మామూలు బాక్సులో ఇమడవు. 40 సెంటీమీటర్ల లోపు ముక్కలుంటే బైకు టెంటు, మిగతావన్నీ పెళ్ళి పందిళ్ళు. "రెండు సెకన్లలో విచ్చుకునే" టెంటుకైతే దండమే. విచ్చుకోవడం రెండు సెకన్లు, ముడవడం రెండు సంధ్యలు, ముడిచాక వడియాలు పెట్టే చాటంత చక్రం. దాన్ని వెనక కట్టుకుని హైవే ఎక్కితే లారీ పక్కనుంచి పోయిన ప్రతిసారీ తెరచాప.

కట్టే తీరు చెప్పడం తమరి పని కాదు గానీ, ఎలాగూ ఖాళీ చోటు ఉంది కదా, ఆ "ప్రీమియం క్వాలిటీ" తీసేసి ఇది వేయొచ్చు: బరువైనవి కిందికి, మనిషికి దగ్గరగా, వెనక రాక్ మీద తేలికపాటి స్లీపింగ్ బ్యాగే. వెనక చక్రం ఇరుసు దాటి బరువు వేలాడితే ముందు చక్రం తేలిపోతుంది. కొక్కేల రబ్బరు తాడు గతుకుకో అంగుళం సాగుతుంది, తెగితే కొక్కెం కంటికే వస్తుంది. దాని బదులు బిగింపు బకిలున్న 25 మిల్లీమీటర్ల పట్టీలు రెండు, ఇంటూ గుర్తులా. పట్టీ కొస గాలికి వదిలితే చైనులోకి పోతుంది, ముడేసి లోపలికి దోపాలి. సైలెన్సరుకు చెయ్యెడు దూరంలో నైలాను ఉండకూడదు. మొదటి ఇరవై కిలోమీటర్లకు ఆగి మళ్ళీ బిగించాలి, సామాను అప్పటికే సర్దుకుని ఉంటుంది. టెంటు అన్నిటికంటే పైన, చివర ఎక్కించి మొదట దించుకునేలా. వానలో దిగినప్పుడు దానికోసం బట్టలన్నీ తడపనక్కర్లేకుండా.

కడ్డీలు ఫైబరువైతే సంచీలో వేలెడంత పొడవు ఇనుప గొట్టం ముక్క, కాస్త టేపు తప్పనిసరి. చీలిన చోట గొట్టం తొడిగి చుట్టేస్తే యాత్ర ముగిసేదాకా ఆగుతుంది. తొడుగులోకి కడ్డీని నెట్టాలి తప్ప లాగకూడదు, లాగితే కీలు ఊడి లోపలే ఉండిపోతుంది. మడిచేటప్పుడు మధ్య కీలు నుంచి మొదలెడితే లోపలి సాగుతాడు రెండు వైపులా సమంగా ఉంటుంది.

"మేకులు ఉచితం" అన్నారు. ఉచితానికి తగ్గట్టే ఉన్నాయి. గండికోట రాతినేల మీద అవి జడపిన్నుల్లా వంగుతాయి. అక్కడ తాడును చిన్న రాయికి చుట్టి, దాని ముందు పెద్ద రాయి పెడితే చాలు. సముద్రపు ఇసుకలో మేకెందుకు, సంచిలో ఇసుక నింపి అడుగు లోతున పాతడమే. నల్లరేగడి తడిస్తే మేకూ నిలవదు, బండీ నిలవదు: సైడు స్టాండు కింద పలక రాయో చెక్కముక్కో పెట్టాలి, పడితే టెంటుకు అవతలి వైపు పడేలా నిలపాలి, తాడు మాత్రం బండికి కట్టకూడదు. మామూలు మట్టిలో మేకు తల టెంటుకు అవతలికి వాలాలి.

తమరి తమ్ముడొకడున్నాడు, స్లీపింగ్ బ్యాగు మీద. వాడు తమరినే మించాడు. "5 డిగ్రీలు" అంటాడు, ఎవరికో చెప్పడు. ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగుకు చలి సంగతి చెప్పే అంకెలు మూడుంటాయి. కంఫర్ట్ అంటే సగటు ఆడమనిషి హాయిగా నిద్రపోయే చలి. లిమిట్ అంటే సగటు మగవాడు ముడుచుకుని ఎలాగో ఎనిమిది గంటలు గడిపే చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆరు గంటలు చచ్చిపోకుండా ఉండే చలి, వేళ్ళ సంగతి హామీ లేదు. తమ్ముడు పెద్దక్షరాల్లో వేసేది తరచుగా ఆ మూడోదే. అది పడక కాదు, వీలునామా. మేం చూసేది కంఫర్ట్ ఒక్కటే, అది కూడా వెళ్ళే చోటి చలి కంటే ఐదు డిగ్రీలు తక్కువ ఉన్నది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీల దాకా తగ్గుతుంది కాబట్టి హైదరాబాదు వాతావరణం చూసి, మనాలీ-లేహ్ దారిలో సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న సర్చూకు సర్దుకోవడం కుదరదు.

వాడు దాచే రెండో సంగతి: ఆ పరీక్షలో బొమ్మమనిషి కింద మంచి మ్యాటు ఉంటుంది, ఒంటి మీద లోబట్టలుంటాయి. ఒంటి బరువుకు నలిగిన దూది వెచ్చదనం ఇవ్వదు, కాబట్టి కింది చలిని ఆపేది మ్యాటే. దాని బలం ఆర్-విలువలో చెబుతారు. మడతలు పడే గట్టి ఫోము 2 దగ్గర, లోపల దూదీ రేకూ లేని ఉత్త గాలి పరుపు 1కి అటూ ఇటూ. పరుపు లోపలి గాలి తిరుగుతూ ఒంటి వేడిని నేలకు మోస్తుంది, అరచెయ్యంత మందం ఉన్నా. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే విలువలు కూడతాయి: 2కు 3 కలిస్తే 5, గడ్డకట్టే నేలకూ సరిపోతుంది. ఫోము తడవదు, పగలదు. సైడు బాక్సు మీద బయటే కట్టొచ్చు. గాలిది చిల్లిపడితే పంక్చర్ షాపులో ట్యూబులా సబ్బునీళ్ళతో బుడగ పట్టుకోవచ్చు, కానీ ట్యూబు సొల్యూషన్ దీనికి పట్టదు. అది రబ్బరుకు. దీనికి పాలీయురేతేన్ జిగురు, కొన్ని గంటల ఓపిక.

వానాకాలం బైకు ప్రయాణానికి ఈకల బ్యాగు కంటే సింథటిక్ నయం. ఈకలు తడిస్తే ముద్దలు కడతాయి. తెలంగాణ గొర్రెలకాపరి గొంగడికి ఏ లేబులూ లేదు, ఏ డిగ్రీలూ లేవు. తల మీంచి కొప్పెర వేసుకుంటే జల్లును ఆపుతుంది, చెమ్మగిల్లినా వెచ్చగా ఉంటుంది. మోపు పెద్దది కాబట్టి బైకుకు పనికిరాదు, అది వేరే సంగతి. లేబులు లేకపోయినా ఎవరూ చలికి దాన్ని తిట్టిన దాఖలా మాత్రం లేదు.

చిత్తగించవలెను.

ఇట్లు తమ విధేయులు,
తడిసిన ఫ్లెక్సీ మీద కూర్చున్నవాళ్ళం

తా.క.: లోపలి కుట్టులో చీమ తలకాయంత అక్షరాలతో "ఆరబెట్టి దాచుము" అని రాశారు చూడండి, అది చదివినప్పటి నుంచి తమరి మీద గౌరవం పెరిగింది. తడి టెంటును వారం మడిచి ఉంచితే బూజే కాదు, పాలీయురేతేన్ పూత తేమకు విరిగి, జిగటగా మారి, పుల్లటి కంపు కొట్టి పొడిపొడిగా రాలుతుంది. దానికి మళ్ళీ ప్రాణం పొయ్యలేం. నీడన తీగ మీద ఆరేయాలి, ఎండ ఎక్కువైతే గుడ్డ చచ్చుబడుతుంది. స్లీపింగ్ బ్యాగును బిగుతు సంచిలోంచి తీసి పాత దుప్పటి గలీబులో వదులుగా ఉంచాలి. వచ్చే ముద్రణలో ఆ వాక్యాన్ని సంచీ ముందుకు తెచ్చి, "2 పర్సన్"ను లోపలి కుట్టులోకి పంపించండి.