చదవవచ్చు, తాకరాదు

ఎవరి హద్దుల్లో వారుండే రోజులు పోయాయని బాధపడే పెద్దలు 1999 ఏప్రిల్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2578 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాన్ని ఒకసారి తిరగేయాలని నా విన్నపం. రౌటర్లనూ స్విచ్‌లనూ దూరం నుంచి కనిపెట్టి ఉండే ఎస్‌ఎన్‌ఎంపీ అనే నియమావళిలో ఏ ఆబ్జెక్ట్‌ను, అంటే పరికరంలోని ఏ విలువను, ఎంతవరకు ముట్టుకోవచ్చో ఆ పత్రం ఐదు అంతస్తులుగా తేల్చింది. అట్టడుగున నాట్-యాక్సెసిబుల్, దానిపైన పరికరం తానుగా పంపే నోటిఫికేషన్‌లో తప్ప కనిపించని యాక్సెసిబుల్-ఫర్-నోటిఫై, ఆపైన రీడ్-ఓన్లీ, రీడ్-రైట్, శిఖరాన పట్టికలో కొత్త వరుసలనే పుట్టించనిచ్చే రీడ్-క్రియేట్. పాత పద్ధతిలో రైట్-ఓన్లీ కూడా ఉండేది. చదవకుండానే రాసే ఆ వెసులుబాటును ప్రమాణం తొలగించినా, లోకం నిష్ఠగా పాటిస్తూనే ఉంది.

ఈ వ్యవస్థ మర్యాద తెలియాలంటే ఐఎఫ్-అడ్మిన్-స్టేటస్ అనే ఆబ్జెక్ట్‌ను చూడాలి. పోర్టు నడవాలో ఆగాలో నిర్వాహకుడు ఆజ్ఞాపించేది దీనిలోనే కనుక ఆర్‌ఎఫ్‌సీ 2863 దీనికి రీడ్-రైట్ హోదా ఇచ్చింది. అదే పత్రం చివరికి వచ్చేసరికి, రాయనివ్వడం తప్పనిసరి కాదు, చదవనిస్తే చాలునని సెలవిచ్చింది. అంటే ఆజ్ఞను శిరసావహించే పరికరమూ, ఆజ్ఞ రాయనే రాయనివ్వని పరికరమూ ప్రమాణం దృష్టిలో సమానంగా యోగ్యమైనవే. పోర్టు నిజంగా నడుస్తోందో లేదో చెప్పే ఐఎఫ్-ఆపర్-స్టేటస్ మాత్రం రీడ్-ఓన్లీ. వాస్తవాన్ని దిద్దే అధికారం నిర్వాహకుడికి ఇవ్వకపోవడం ఒక్కటే ఇందులో నాకు కనిపించిన లోపం.

నిరాకరణలోనూ సంస్కారముంది. ఎస్‌ఎన్‌ఎంపీ తొలి వెర్షన్‌ను నిర్వచించిన 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1157 దోషాల పట్టికలో రీడ్-ఓన్లీ అనే జవాబుకు 4వ సంఖ్య కేటాయించి, దాన్ని ఎప్పుడు పంపాలో ఎక్కడా చెప్పలేదు. చదవడానికే ఉన్న ఆబ్జెక్ట్‌లో రాయబోతే వచ్చే సమాధానం నో-సచ్-నేమ్, అంటే అలాంటి పేరే లేదని! ఇంతకుముందే దాని విలువ చదివి వచ్చినవాడు ఈ మాట విని తన కళ్లనే అనుమానించుకోవాలి. రెండో వెర్షన్ వచ్చాక నాట్-రైటబుల్ అని ముఖం మీదే చెప్పే మొరటుదనం అలవడింది.

ఇంత కట్టుదిట్టమైన అంతస్తులకు తొలి వెర్షన్లు పెట్టిన కాపలా కమ్యూనిటీ స్ట్రింగ్. ఏ ముసుగూ లేకుండా తీగల మీద ప్రయాణించే సంకేతపదం. చదవడానికి పబ్లిక్, రాయడానికి ప్రైవేట్ అని ఎన్నో పరికరాలు ముందే పెట్టుకుని వచ్చేవి కాబట్టి ఎవరికీ గుర్తుపెట్టుకునే శ్రమ లేదు.

2014లో ఇంటర్నెట్ ప్రమాణాలను ఆమోదించే ఐఈఎస్‌జీ ఈ సంప్రదాయం మీద చెయ్యి వేసింది. రాయదగిన కొత్త మిబ్‌లు, అంటే ఆబ్జెక్ట్‌ల జాబితాలు, ఇకపై ప్రత్యేక అవసరముంటేనే తప్ప వద్దని, అమరికల పనికి నెట్‌కాన్ఫ్ అనే నియమావళి, యాంగ్ అనే వర్ణన భాష వాడమని చెప్పింది. ఆ యాంగ్‌లో ఉన్నవి కాన్ఫిగ్ ట్రూ (అమర్చదగినది), కాన్ఫిగ్ ఫాల్స్ (చదవడానికే) అనే రెండు స్థితులే. అంతస్తుల మీద గౌరవమున్నవారు దీన్ని హర్షించలేరు.