నమ్మదగని డొమైన్ నుంచి వచ్చినవాళ్లం

కర్నూలు వాళ్లకు అవమానాలు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న రాజధాని చేసి, 1956 నవంబరు 1కి హైదరాబాదు పట్టుకెళ్లిపోతే కూడా కిమ్మనకుండా ఉన్న ఊరు మాది. కానీ ఆనాటి పెద్దలెవరూ మమ్మల్ని మొహం మీదే ‘నమ్మదగనివాళ్లు’ అనలేదు. ఆ మర్యాద ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు లేదు. మీ లాగిన్ నమ్మదగని డొమైన్ నుంచి వచ్చింది పొమ్మంటుంది. పైగా దానికి 18452 అని ఒక నంబరు.

సంగతేమిటంటే, మా ఆఫీసు కంప్యూటర్లది ఒక డొమైన్, అంటే ఖాతాలన్నీ ఒకే చోట చూసుకునే కంప్యూటర్ల గుంపు. లెక్కలన్నీ ఉన్న డేటాబేస్ విజయవాడలో, ఇంకో డొమైన్‌లో. రెండింటి మధ్య ట్రస్ట్ అనే ఒప్పందం కుదిరితే ఇక్కడి మనిషిని అక్కడ గుర్తుపడతారు. అది ఒకవైపే ఉన్నా సరిపోతుంది. డేటాబేస్ ఉన్న డొమైన్ మమ్మల్ని నమ్మితే చాలు, మేం వాళ్లను నమ్మక్కర్లేదు. ఈ మాట చెవిన పడగానే రెండు వైపులా అడ్మిన్లు ఉలిక్కిపడ్డారు. భద్రత ఏమైపోవాలి? కాబట్టి భద్రత దృష్ట్యా ట్రస్ట్ వద్దని తీర్మానించి, అందరికీ కలిపి ఒకే విజయవాడ ఖాతా పేరు, పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

ఇక ఆ పాస్‌వర్డ్ కొట్టేదెక్కడ? డేటాబేస్‌ను తెరిచే మేనేజ్‌మెంట్ స్టూడియోలో విండోస్ అథెంటికేషన్, అంటే కంప్యూటర్లో లాగిన్ అయిన పేరుతోనే లోపలికి వెళ్లే పద్ధతి ఎంచుకుంటే పేరు గడి బూడిదరంగులోకి పోతుంది. చూసుకోవచ్చు, మార్చలేం. అప్పుడు ఆదుకునేదే ఇంకొకరి పేరుతో ప్రోగ్రాం తెరిచే విండోస్ రన్‌యాజ్ ఆదేశం, దానికి తోడు నెట్‌ఓన్లీ అనే స్విచ్. దాంతో స్టూడియో తెరిస్తే ఈ కంప్యూటర్లో మనం మనమే, నెట్‌వర్క్‌లోకి అడుగుపెడితే మాత్రం విజయవాడ మనిషి. ఊళ్లో పాత కండువా, రాజధానిలో కొత్త కండువా వేసుకునే మా నాయకులకు ఇందులో నేర్చుకోవాల్సిందేమీ కనిపించదనుకోండి.

“ఏమప్పా, ఇంకా నా పేరే కనపడతాంది?” అన్నారు మా సూపరింటెండెంటు గారు.

“పేరు చూడొద్దు సార్, కనెక్ట్ కొట్టండి,” అన్నాడు కంప్యూటర్లు చూసే కుర్రాడు.

కొట్టారు. తెరుచుకుంది. ఆయన చాలాసేపు స్క్రీన్‌ను కాదు, కుర్రాణ్ణి అనుమానంగా చూశారు.

నెట్‌ఓన్లీలో నాకు మరీ నచ్చిన గుణం ఇంకొకటుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది గానీ, అది నిజమో కాదో అక్కడికక్కడ చూడదు. మీ మేనత్త పేరు కొట్టినా స్టూడియో తెరుస్తుంది. అబద్ధం బయటపడేది అవతలి సర్వర్ తలుపు తట్టాకే. ఇంత ఔదార్యం నామినేషన్ అఫిడవిట్లు తీసుకునే చోట తప్ప నేనెక్కడా చూడలేదు.

కొందరు చాదస్తులు మనిషికో ఖాతా ఇవ్వండి, దానికి అవసరమైనంత వరకే అనుమతులివ్వండి, లేదా ట్రస్టే పెట్టండి అంటారు. అలా చేస్తే ఎవరు ఏం చేశారో తెలిసిపోదూ? ఏ ఆఫీసైనా అంతటి ముప్పును తట్టుకోగలదా?

మొన్న విజయవాడ నుంచి ఆడిట్ వాళ్లు లాగ్ తిరగేశారు. ఒకే ఉద్యోగి, ఒకే నిమిషంలో కర్నూలులో రశీదులు ఎక్కిస్తూ, ఆదోనిలో తప్పులు దిద్దుతూ, నంద్యాలలో రిపోర్టు తీస్తూ కనిపించాడు. ఆదివారాలు కూడా సెలవు పెట్టలేదు. ఇంతటి కార్యదక్షుణ్ణి సన్మానించాల్సిందేనని రాశారు. శాలువా తెప్పించాం. ప్రశంసాపత్రం మీద పేరు ‘టెస్ట్1 గారు’ అని వేయాలా, ‘శ్రీ టెస్ట్1’ అని వేయాలా అన్నది తేలక ఫైలు సూపరింటెండెంటు గారి దగ్గర ఆగింది.