సుబారు గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ జపాన్ కార్ల కంపెనీ సుబారు గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ న్యూజెర్సీలో మేమంతా క్షేమం. మంచు పడుతోంది కాబట్టి మీరు మాకంటే క్షేమంగా ఉంటారని తలుస్తాను. మీ అమెరికా ప్రధాన కార్యాలయం మా రాష్ట్రంలోనే, క్యామ్‌డెన్‌లోనే ఉంది. ఉత్తరం స్వయంగా తెచ్చి చేతికిద్దామనుకున్నాను. మీ గేటు దాకా టొయోటా క్యామ్రీలో రావడం మర్యాద కాదని ఆగిపోయాను.

ఇక విషయానికొస్తాను. 2008 నుంచి మీది ఒకటే పాట: సుబారుని సుబారు చేసేది ప్రేమేనని. టీవీ పెడితే చాలు, ఒక కుక్క, ఒక కొండదారి, కూతుర్ని కాలేజీలో దింపి కళ్లు తుడుచుకునే ఒక తండ్రి. రేటు, వడ్డీ మాత్రం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో. ఇనుము అమ్ముకునేవాళ్లు ఇంత ప్రేమగా మాట్లాడుతుంటే నాకు అనుమానమొచ్చి మీ వంశ చరిత్ర తిరగేశాను. ప్రేమ ఎక్కడా కనబడలేదండీ. ఏ పేజీ చూసినా గతిలేక చేసిన పని, లేకపోతే సందు చూసుకుని చేసిన పని. అవి రెండూ తప్పని నేననను. మా వంశ చరిత్రా అంతే. కాకపోతే మేము దాన్ని ప్రేమ అనం.

మీ మూలపురుషుడు చికుహే నకజిమ నౌకాదళంలో ఉద్యోగం వదిలేసి 1917లో గున్మా ప్రాంతంలోని ఓతాలో విమానాల కార్ఖానా మొదలెట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో పేరుమోసిన జీరో విమానం మిత్సుబిషి వాళ్ల డిజైనే అయినా, లెక్కకి ఎక్కువ తయారుచేసింది మీ నకజిమ వాళ్లే. 1945లో యుద్ధం ఓడిపోయారు. ఇకమీదట విమానాల జోలికి పోవద్దని గెలిచినవాళ్లు కట్టడి చేశారు. పనివాళ్లున్నారు, యంత్రాలున్నాయి, చెయ్యడానికి పని లేదు. గింగా బాంబరు విమానాల తోకచక్రాలు మాత్రం గోదాముల్లో మిగిలాయి. వాటిని బిగించి 1946లో రాబిట్ అని ఒక స్కూటరు దించారు. మీ వాహన వ్యాపారానికి శంకుస్థాపన అదీ, ఓడిన యుద్ధం తాలూకు మిగులు సామానుతో.

1950లో కంపెనీని 12 ముక్కలు చేశారు. 1953లో అందులో అయిదు ముక్కలు చేతులు కలిపి ఫూజీ హెవీ ఇండస్ట్రీస్ అయ్యాయి. మీ బిళ్ల మీది ఆరు చుక్కల లెక్క అదే: అయిదు చిన్నవి, వాటిని కలుపుకున్న పెద్దదొకటి. సుబారు అంటే జపాన్ భాషలో కృత్తికా నక్షత్రాలే. మా కుమారస్వామిని పెంచిన ఆరుగురు కృత్తికలే మీ కారు ముక్కు మీద కూర్చున్నారని మా వాళ్లలో చాలామందికి తెలియదు. తెలిస్తే కొత్తబండి పూజ రోజున అక్కడ ఇంకో బొట్టు ఎక్కువ పెట్టేవాళ్లు.

1958లో సుబారు 360 వచ్చింది. షిన్‌రోకు మోమొసే అనే ఇంజనీరు, విమానాల రోజుల నుంచి ఉన్న మనిషి, ప్రతి గ్రాము దగ్గరా పిసినారితనం చేసి నలుగురు కూర్చునే కారుని నాలుగొందల కిలోల లోపు తెచ్చాడు. ఇంజను వెనకాల, 356 సీసీ, రెండు సిలిండర్లు, పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. జపాన్ జనం ముద్దుగా లేడీబగ్ పురుగు పేరు పెట్టుకున్నారు. కారు కొనే స్తోమత లేని దేశానికి కారు రుచి చూపించింది అది. ఇందాకటి మాట ఇక్కడ కాస్త సవరించుకుంటున్నాను: ఆ బండిలో ప్రేమ ఉంది. మోమొసేది.

అదే బండి అమెరికా వచ్చేసరికి ఏమైందో మీ ప్రకటనల్లో ఎక్కడా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. 1968లో మాల్కమ్ బ్రిక్లిన్, హార్వీ లామ్ అనే ఇద్దరు మీ కార్లు దింపుకోవడానికి కంపెనీ పెట్టారు. వాళ్లు చూసిన సుగుణం ఒక్కటే. అప్పట్లో అమెరికాలో 1,000 పౌండ్ల లోపు బండికి ప్రభుత్వ భద్రతా నిబంధనలు వర్తించేవి కావు, మీ 360 ఆ గీత కింద సరిగ్గా ఇమిడింది. 1,297 డాలర్లకి అమ్మకానికి పెట్టి, చౌక, అనాకారి, అయినా పని గడుస్తుంది అన్న ధోరణిలో వాళ్లే ప్రకటన వేసుకున్నారు. నిజాయితీకి నూటికి నూరు. 1969లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక పరీక్షించి 'ఆమోదయోగ్యం కాదు' అని ముద్ర కొట్టింది. గంటకి 50 మైళ్లు అందుకోవడానికి 37 సెకన్లు పట్టిందట. హైవే ఎక్కే దారిలో 37 సెకన్లంటే వెనకాల లారీవాడు మన ఏడుతరాలనీ తలుచుకుంటాడు. ఈ రోజు భద్రతకి మారుపేరు మేమే అంటున్నారే, ఆ గడ్డ మీద మీరు మోపిన తొలి అడుగు భద్రతా నిబంధన సందులోంచి పడింది.

ఇక మీ కిరీటంలో మణి, నాలుగు చక్రాలకీ శక్తి. అది ఏ మేధావికో స్నానాల గదిలో తట్టిన ఆలోచన అనుకున్నాను. కాదు. తొహోకు అంటే జపాన్ ఉత్తరాన మంచు దిబ్బల సీమ. అక్కడి కరెంటు కంపెనీ లైన్‌మెన్లు చలికాలంలో తీగలు చూసుకోవడానికి జీపుల్లో కొండలెక్కేవాళ్లు. జీపు ఎక్కుతుంది, కానీ లోపల కూర్చున్నవాడు గడ్డ కట్టిపోతాడు. మామూలు కారులా వెచ్చగా ఉండి జీపులా ఎక్కేది కావాలని అడిగారు. మియాగిలోని మీ డీలరు దగ్గర మెకానిక్కులు ముందుచక్రాలతో నడిచే మీ వ్యాను ఒకటి తీసుకుని, నిస్సాన్ బ్లూబర్డ్ వెనక ఇరుసు సామాను దాని కింద అతికించి చూపించారు. పక్కింటి సామానుతో ప్రయోగమన్నమాట. అది చూసి మీ పెద్దాఫీసు మేలుకుని, 1972లో లియోన్ 4డబ్ల్యూడీ ఎస్టేట్ వ్యాను తెచ్చింది. ఆడి వాళ్లు ఇదే పని సూటూ బూటూ తొడిగి క్వాట్రో అని 1980లో తెస్తే లోకమంతా చప్పట్లు కొట్టింది. మీది ఎనిమిదేళ్లు ముందు, కాకపోతే లైన్‌మెన్ల కోసం. గ్లామరు అక్కడే తగ్గింది. నాకు మాత్రం మీ చరిత్ర మొత్తంలో నచ్చిన ఘట్టం ఇదే.

కోడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1960ల మొదట్లో యూరప్ వాళ్లు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచారని ఉడుక్కుని, అమెరికా దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోడికీ ట్రక్కుకీ ఏమిటి సంబంధం అంటే, రాజకీయం. మధ్యలో దెబ్బ మీకు తగిలింది. మీరు 1970ల చివర్లో బ్రాట్ అనే చిన్న పికప్ అమ్ముదామనుకున్నారు. పికప్ అంటే ట్రక్కు, ట్రక్కంటే సుంకం. మీరేం చేశారు? వెనక తొట్టిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వెనక్కి తిరిగి ఉండేలా, వెల్డింగ్ పెట్టి బిగించారు. పట్టుకోవడానికి చెరో జత పిడులు. తొట్టిలో కింద తివాచీ కూడా పరిచి, 'అయ్యా, ఇది ట్రక్కు కాదు, నలుగురు కూర్చునే కారు' అని కస్టమ్స్ వాళ్లకి చూపించారు. ఎండకీ వానకీ తలమీద ఏమీ లేకుండా, వెళ్లే దారి కాక దాటొచ్చిన దారి చూసుకుంటూ పోవాలి ఆ ఇద్దరూ. ఇంతా చేస్తే ఆ బ్రాట్‌ని తన కాలిఫోర్నియా పశువుల దొడ్లో ఉంచుకున్న పెద్దమనిషి ఎవరు? రొనాల్డ్ రేగన్. దేశానికి అధ్యక్షుడయ్యాడు, సుంకం ఎగ్గొట్టే కుర్చీలున్న బండి ఇంట్లోనే ఉంది. పన్ను తప్పించుకోవడంలో మావాళ్లు ఘనాపాఠీలని విర్రవీగేవాణ్ణి. మీకు శాలువా కప్పాలి.

కార్ల ర్యాలీ పోటీల గురించి క్లుప్తంగా. నీలం కారు, పసుప్పచ్చ అక్షరాల్లో 555. ఫారిన్ నుంచి వచ్చిన చుట్టం సూట్‌కేసులోంచి తీసి అపురూపంగా పంచే ఆ 555 సిగరెట్లే. 1995లో కాలిన్ మెక్‌రే, 2001లో రిచర్డ్ బర్న్స్, 2003లో పెటర్ సోల్‌బర్గ్ ప్రపంచ చాంపియన్లయ్యారు. తయారీదార్ల టైటిలు 1995 నుంచి వరసగా మూడేళ్లు మీదే. 2008 చివర్లో మాంద్యమొచ్చిందని సర్దుకుని ఇంటికొచ్చేశారు. ఆ నీలం రంగు వేసుకుని తెల్లారుజామున మా వీధిలో గుడగుడలాడుతూ పోయే కుర్రాళ్లని మాత్రం మాకు వదిలేశారు.

1990లలో అమెరికాలో అమ్మకాలు నీరసించినప్పుడు, మీ బండి అసలు ఎవరు కొంటున్నారో చూసుకున్నారు. అయిదు రకాల మనుషులు తేలారు: టీచర్లు, వైద్యరంగంలో పనిచేసేవాళ్లు, ఐటీవాళ్లు, కొండలూ అడవులూ తిరిగేవాళ్లు, లెస్బియన్లు. ఆ చివరివాళ్ల పేరు పైకి అనడానికి పెద్ద కంపెనీలు వణికే రోజులవి. మీరు వాళ్లకే ప్రకటనలు వేశారు, వాళ్లకి మాత్రమే అర్థమయ్యే నెంబరు ప్లేట్లు పెట్టి మరీ. తర్వాత టెన్నిస్ తార మార్టినా నవ్రతిలోవాని తెచ్చారు. మీ బండి కొనం అని కోపంగా ఉత్తరాలొచ్చాయట. తీరా చూస్తే, రాసినవాళ్లలో ఒక్కడూ అంతకుముందు సుబారు కొన్నవాడు కాడట. ఇక్కడ మాత్రం నా కలం ఆగింది. దీన్ని వెక్కిరించడానికి నాకు చేతకాదు.

అయితే ఆ జాబితాలో మూడో పేరు ఐటీ కదండీ. న్యూజెర్సీలో మీ ఆఫీసు చుట్టూ ఐటీ అంటే సగం మేమే కదా. మరి మా దగ్గరికి ఎందుకు రాలేదు? బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి ఆదివారం వచ్చి పార్కింగు చూడండి. టొయోటా, హోండా, మధ్యమధ్య ఈ మధ్య డబ్బు చేసినవాళ్ల టెస్లా. దేశానికి కొత్తగా వచ్చిన కుర్రాడు ఏ కారు కొనాలని అడిగితే మా వాట్సాప్ గ్రూపుల్లో జవాబు తరతరాలుగా ఒకటే: 'కళ్లు మూసుకుని క్యామ్రీ తీస్కో బ్రో, రీసేల్ ఉంటది.' మాకు బండి కొనే రోజే అమ్మే రోజు గుర్తొస్తుంది. వీసా ఎప్పుడు ఏమవుతుందో తెలియనివాడికి మీరు కుక్కని చూపిస్తే ఏం లాభం? మీవాళ్లు బండి కొని పదిహేనేళ్లు దాచుకుంటారు. ఆ పదిహేనేళ్ల నమ్మకం మాకు గ్రీన్‌కార్డు వాళ్లు ఇవ్వాలి, మీరు కాదు.

మీ బాక్సర్ ఇంజను గురించి మీ భక్తులు చెబుతుంటే విన్నాను. అందరి ఇంజన్లూ నిలబడి ఉంటే మీది సంక్రాంతి భోజనం చేసి చాప మీద ఒరిగిన మనిషిలా అడ్డంగా పడుకుంటుంది. బరువు కిందకి దిగుతుంది, ఎదురెదురు పిస్టన్లు ఒకదాని కుదుపు ఒకటి చంపుకుంటాయి, మలుపులో బండి నేలని పట్టుకుంటుంది. 1966 నుంచి ఈ పద్ధతి వదల్లేదు. ఒప్పుకున్నాను. కానీ స్పార్క్ ప్లగ్గు మార్చే మెకానిక్కుని ఎప్పుడైనా చూశారా? ప్లగ్గులు పైన ఉండవు, పక్కల్లో చాసిస్ గోడకి ఆనుకుని ఉంటాయి. ఒకవైపు బ్యాటరీ పీకాలి, రెండోవైపు ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పాలి. ఆ జానెడు సందులో రాడ్డు ముక్కలు లోపలే ఒకదానికొకటి తగిలించుకుని, కన్ను ఆనని చోట వేళ్లతో తడుముకోవాలి. 1990ల చివరి నుంచి వచ్చిన 2.5 లీటర్ల ఇంజన్లలో అతుకు దగ్గర ఉండే హెడ్ గాస్కెట్లు కారిన గోల మీ భక్తులకే బాగా తెలుసు. వాళ్లు దాన్ని కోపంగా కూడా చెప్పరు. ఇంట్లో పెద్దాయన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పినంత నెమ్మదిగా చెబుతారు.

టైర్ల సంగతి సరేసరి. నాలుగింటి చుట్టుకొలతల్లో పావు అంగుళం తేడా దాటకూడదన్నారు. అంటే అరిగిన నాలుగింటిలో ఒకటి మేకు దిగి పోతే, బాగున్న మూడూ దానితో సహగమనం చెయ్యాలి. పైగా నాలుగు చక్రాలకీ శక్తి వెళ్తే బండి కదులుతుంది గానీ ఆగదు. మంచులో ఆపాల్సింది అందరిలాగే బ్రేకులూ టైర్లూనే. ఆ ముక్క ప్రకటనలో కుక్క చేత అయినా చెప్పించొచ్చు కదా?

మా దేశం మీద మీకు ఎందుకో చిన్నచూపు. అసలు రాలేదనను, అజ్ఞాతవాసం చేశారు. 1999లో జనరల్ మోటార్స్ మీలో 20 శాతం వాటా కొన్నాక, మీ ఫారెస్టరుకి షెవర్లే బిళ్ల తగిలించి ఇండియాలో అమ్మారు. 2005లో వాళ్లు వాటా అమ్ముకుని పోయారు, మీ అజ్ఞాతవాసమూ ఆ తర్వాత ముగిసింది. ఇప్పుడు మావాళ్లు మీ పనితనం మీద కూర్చునేది ఆకాశంలోనే. బోయింగ్ 787 రెక్కలు రెండూ వచ్చి కలిసే నడుమ పెట్టె జపాన్‌లో మీరే కడతారు. విమానాలు కట్టొద్దని 1945లో చెయ్యి విరిచినవాళ్లే ఇప్పుడు ఆర్డరిచ్చి కట్టించుకుంటున్నారు. ఇది మీరు గొప్పగా చెప్పుకోవాల్సిన కథ. చెప్పుకోరు. కుక్కే కావాలి.

2017లో గున్మా ఫ్యాక్టరీలో సరైన అర్హత లేనివాళ్లు ఆఖరి తనిఖీలు చేస్తున్నారని బయటపడింది. మరుసటేడాదికి మైలేజి లెక్కలు దిద్దిన సంగతీ తేలి, అధ్యక్షుడు కుర్చీ దిగాడు. ఓతాలో మీ ఫ్యాక్టరీ పేటకే సుబారు అని పేరు పెట్టుకున్న ఊరండీ అది. ఆ ఊరివాళ్లకి మొహం ఎలా చూపించారో గానీ, ఇక్కడ అమెరికాలో మీ భక్తులు రెప్ప కూడా వెయ్యలేదు. 2019లో ఇక్కడే 7 లక్షల కార్లు అమ్ముకున్నారు.

చివరగా ఒక సందేహం. మీ కరెంటు కారు సోల్‌టెర్రా టొయోటాతో కలిసి చేశారు, తయారైంది కూడా వాళ్ల ఫ్యాక్టరీలోనే. మీలో అయిదో వంతు వాటా కూడా ఇప్పుడు వాళ్లదే. అంటే మీ గేటు దాకా టొయోటాలో రావడానికి నేను అంత మొహమాటపడక్కర్లేదన్నమాట. అందులో పడుకునే ఇంజనూ లేదు, వెనకచక్రాల దాకా పోయే పొడుగాటి షాఫ్టూ లేదు. ముందొక మోటారు, వెనకొక మోటారు, నాలుగు చక్రాలకీ శక్తి వచ్చేసింది. ఆ మాత్రం ఎవడైనా చేస్తాడు, చేస్తున్నారు కూడా. లైన్‌మెన్ల కోసం మొదలెట్టి యాభయ్యేళ్లు కాపాడుకున్న విద్య బదులు ఇంకో మోటారు కొనుక్కుంటే చాలన్నమాట. మరి ఇకమీదట మీ బండికే ఎందుకు ఎక్కువ డబ్బులివ్వాలో వివరంగా జవాబు రాయండి. ప్రేమ అని మాత్రం రాయకండి.

ఇట్లు,
గుడి పార్కింగులో మూడో వరసలో ఉన్న బూడిదరంగు క్యామ్రీ తాలూకు మనిషి