అమరావతి మనదే, ముందు భోజనం సంగతి చూడండి

మద్రాసులో ఏళ్ల తరబడి ఉంటున్న తెలుగువాడికి రెండు ఉద్యోగాలుంటాయి. ఒకటి జీతం ఇచ్చేది. రెండోది, పట్టుచీరల కోసం ఊరి నుంచి దిగిన బంధువులని, కొనుగోళ్లు ముగిశాక రైలు వేళయ్యేదాకా ఎక్కడో ఒకచోట తిప్పేది. ఈ రెండో కొలువులో నా సర్వీసు పెద్దది. కాబట్టి మన ప్రాచీన వారసత్వ సంపద మీద నాలుగు మాటలు రాయడానికి పండితుల కంటే నాకే ఎక్కువ అర్హత ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను.

మ్యూజియాన్ని ఎంచుకోవడంలో మా కుటుంబం పాటించే సూత్రం ఒక్కటే. అది టీ నగర్‌కీ సెంట్రల్ స్టేషన్‌కీ మధ్య దారిలో ఉండాలి. ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది, దేశంలోని పాత మ్యూజియాల్లో ఒకటి. అయినా మా బంధుకోటిలో దానికున్న పేరంతా ఈ దారి వల్ల వచ్చిందే. దానికి శుక్రవారం సెలవు. ఆ సంగతి తెలియని రోజుల్లో, లక్ష్మీదేవి రోజు మంచిదని చెప్పి ఒక బృందాన్ని సరిగ్గా శుక్రవారమే తీసుకెళ్లాను. తాళం వేసిన గేటు చూసి నేను నొచ్చుకుంటుంటే, వెనక సీట్లోంచి 'అయ్యో' అన్న మాటలో ఎంత ఆనందం వినబడిందో చెప్పలేను.

ఈసారి వచ్చింది గుంటూరు నుంచి మా తోడల్లుడి కుటుంబం. ఆయన సామాన్యులు కారు. వారసత్వం మీద అభిమానం పొంగిపొర్లే మనిషి. అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలు లండన్ నుంచీ మద్రాసు నుంచీ వెంటనే వెనక్కి రావాలని ఫ్యామిలీ గ్రూపులో ఎప్పటినుంచో పోరాడుతున్నారు. గుంటూరు నుంచి అమరావతి ముప్పై అయిదు కిలోమీటర్లు ఉంటుందేమో. ఆయన అక్కడికి వెళ్లింది ఒక్కసారి, అదీ కార్తీకమాసంలో అమరేశ్వరుడి దర్శనానికి.

"స్తూపం వైపు వెళ్లలేదా అన్నయ్యగారూ?" అన్నాను.

"అక్కడేముంది తమ్ముడూ, అన్నీ ఎత్తుకుపోయారుగా."

అక్కడ కూడా పురావస్తు శాఖ మ్యూజియం ఉందని చెప్పాను. 'అవునా' అన్నారు. పక్కింటి వాళ్లబ్బాయికి పెళ్లయిందని తెలిస్తే ఎంత ఆసక్తితో అంటామో, అంతే ఆసక్తితో.

ఎవరెత్తుకుపోయారన్న విషయం కారులో చర్చకొచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త ఊరు కట్టించుకున్నారు. కట్టడాలకి రాయి కావాలి. పక్కనే స్తూపం దిబ్బ నిండా చెక్కిన రాయి సిద్ధంగా ఉంది. 1797లో కాలిన్ మెకంజీ అనే దొర ఆ దిబ్బని చూసి వెళ్లాడు. 1816 నాటికి మళ్లీ వచ్చేసరికి నడుమ భాగాన్ని తవ్వి చెరువు చేసేశారు. ఆ తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ అనే మరో దొర తవ్వించిన పలకలు మద్రాసుకి చేరాయి, అందులో వందకు పైగా 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి.

ఇదంతా చెబితే మా తోడల్లుడు కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత తీర్పు ఇచ్చారు. "నాయుడుగారు మనవాడే కదా. మనవాడు వాడుకుంటే దాన్ని పట్టుకుపోవడం అనరు. వాడకం అంటారు."

ఇంత స్పష్టమైన వారసత్వ విధానం ఏ ప్రభుత్వానికైనా ఉందా అని అడుగుతున్నాను.

వాడకం అంటే గుర్తొచ్చింది. ముందు రోజు ఈసీఆర్ (తూర్పు తీర రహదారి) మీద ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్రకి తీసుకెళ్లాను. 1996లో తెరిచారు. దక్షిణాది పాత ఇళ్లని విప్పదీసి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. మన విశాఖ వైపు చుట్టిల్లు, నల్లగొండ చేనేత ఇల్లు కూడా ఉన్నాయి. మా వదిన ఒక తమిళ ఇంటి అరుగు మీద కూర్చుని అరగంట లేవలేదు. ఆ నున్నటి అంచుని చేత్తో రాస్తూ, "మా తాతగారింటికీ ఇలాంటి అరుగులే ఉండేవి" అంది. నా భార్య కూడా పక్కన కూర్చుంది. ఆ ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చిన రోజు సంతకాలు పెట్టిన వాళ్లలో వీళ్లిద్దరూ ఉన్నారు. ఆ వాటాల డబ్బు తీసుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఇక్కడ వ్యంగ్యం ఆపుతున్నాను. అరుగు మీద కూర్చోడానికి టికెట్ కొనుక్కున్నాం, అంతవరకు చెప్పగలను.

అక్కణ్ణించి మహాబలిపురం. ఐక్యరాజ్యసమితి వాళ్లు 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన చోటు. దాదాపు 250 టన్నుల వెన్నముద్ద రాయిని అందరూ వంతులవారీగా రెండు చేతులతో నెడుతున్నట్టు ఫొటోలు దిగారు. సముద్రపు గుడిని కారులోంచే చూశారు, ఎండ కదా. అర్జున తపస్సు దగ్గర మాత్రం ఒక వింత జరిగింది. ఆ పెద్ద బండ మీద వెనక కాళ్ల మీద నిలబడి తపస్సు చేస్తున్న పిల్లి ఒకటుంది, దాని కాళ్ల దగ్గర నమ్మకంగా చేరిన ఎలుకలున్నాయి. దాన్ని చూడగానే మా తోడల్లుడికి ఆయనకి గిట్టని రాజకీయ నాయకుడు గుర్తొచ్చాడు. పది నిమిషాలు అక్కడే నిలబడి నవ్వారు. ఆయన ఒక శిల్పం ముందు అంతసేపు నిలబడటం అదే మొదలు. ఏడో శతాబ్దపు పల్లవ శిల్పికి ప్రేక్షకుడి నాడి తెలుసు.

ఇక ఎగ్మోరు. నేను గడియారం చూసి మరీ లెక్క రాసుకున్నాను. కారు పెట్టడానికి చోటు వెతకడం ఇరవై నిమిషాలు. తిమింగలం అస్థిపంజరం దగ్గర పదిహేను. కంచు విగ్రహాల విభాగంలో ఆరు, అందులో తిరువాలంగాడు నటరాజస్వామి వాటా ఒకటిన్నర. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఆ నటరాజుని చూసి నోరు తెరుస్తారు. మా వదిన మాత్రం చాలా దయగా, "మా షోకేసులో ఇలాంటిదే ఉంది, ఇంకా మెరుస్తుంది" అంది.

అమరావతి శిల్పాల దగ్గర ఏడు నిమిషాలు. అందులో నాలుగు ఫొటోలకి, రెండు ఆగ్రహానికి, ఒకటి కూర్చునే చోటు వెతకడానికి పోయాయి. ఆగ్రహం నిజమైనదే, అందులో అనుమానం లేదు. "చూశావా, మన కృష్ణా తీరం రాయి, మన శాతవాహనుల కాలపు పని! ఇక్కడెందుకుండాలి?" అని నన్నే నిలదీశారు, నేనే రాత్రికి రాత్రి బండి కట్టుకుని తెచ్చినట్టు. ఆ పలక మీద ఏం చెక్కి ఉందని అడిగితే "బుద్ధుడి కథలు" అన్నారు. ఏ కథ అని అడగడం తోడల్లుళ్ల మధ్య మర్యాద కాదు.

ఆ పని వాళ్ల చిన్నమ్మాయి చేసింది. తొమ్మిదేళ్లది. గుండ్రటి పలక ఒకదాని ముందు ఆగిపోయింది.

"బాబాయ్, ఇక్కడ రెండు ఏనుగులెందుకున్నాయి?"

"రెండూ ఒకటే ఏనుగమ్మా. దాని పేరు నలగిరి. బుద్ధుణ్ణి తొక్కించాలని దేవదత్తుడు దాన్ని వీధిలోకి వదిలించాడు. ఇదిగో, ఇక్కడ మదమెక్కి జనాన్ని చెదరగొడుతోంది. పైన మేడ మీంచి చూస్తున్నారు చూడు. అక్కడ బుద్ధుడి కాళ్ల దగ్గర వాలిపోయింది."

"మరి మధ్యలో ఏమైంది?"

నేను తడుముకున్నాను. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి శిల్పి ఒక్క చక్రంలో ముందునీ తర్వాతనీ పెట్టాడు, మధ్యని వదిలేశాడు. చిన్నది పలక దగ్గరికి ముఖం పెట్టి, ముందు ఏనుగు నుంచి తర్వాతి ఏనుగు దాకా కళ్లతో మెల్లగా నడుస్తోంది. అడుగుతున్నది ఏమిటో దానికి పూర్తిగా తెలుసని నాకనిపించింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి గొంతు వచ్చింది: "తమ్ముడూ, ఒంటిగంటన్నర. ఆంధ్రా మెస్సులో ఆలస్యమైతే గోంగూర అయిపోతుందట."

వారసత్వ సంపద తిరిగి కోరేవారి కోసం ప్రభుత్వానికి నాదొక చిన్న విన్నపం. బండి నడపడానికి లైసెన్సు పరీక్ష పెట్టినట్టే, శిల్పం వెనక్కి అడిగేవాళ్లకి కూడా ఒక పరీక్ష పెట్టాలి. కళ్లు మూసుకుని, ఆ పలక మీద ఏనుగులెన్నో చెబితే చాలు. ఒకటన్నా, రెండన్నా పాస్ చెయ్యొచ్చు, రెండూ సరైన జవాబులే. 'ఏనుగా, ఎక్కడ?' అన్నవాళ్లకి ఆరు నెలలు గడువిచ్చి ముప్పై అయిదు కిలోమీటర్ల బస్సు టికెట్ ఇప్పించాలి.

గోంగూర దొరికింది. రైలూ దొరికింది. రాత్రి తొమ్మిదికి గ్రూపులో ఫొటో పడింది. నలగిరి పలక ముందు మా తోడల్లుడు నిటారుగా, చేతులు కట్టుకుని. కింద 'మన అమరావతి, మన హక్కు' అని రాశారు. పది నిమిషాల్లో దండాలు, జెండాలు వచ్చిపడ్డాయి. ఎవరో చీరలు ఎంతలో పడ్డాయని కూడా అడిగారు. నేనూ ఒక దండం పెట్టాను, బంధుత్వం ఉంది కదా.

కాసేపటికి ఆయన ఫోన్ నుంచే నాకు విడిగా ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. రైలు చప్పుడు మధ్య చిన్నమ్మాయి గొంతు.

"బాబాయ్, ఫొటో చూశావా? కోపం ఏనుగు ఒక్కటే పడింది. మంచి ఏనుగు నాన్న వెనకాల ఉండిపోయింది."